అమ్మ అడుగులు

నిన్న మంత్రాలయంలో అమ్మ రాఘవేంద్రస్వామి బృందావనం (సమాధి) చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసింది. పక్షవాతం వచ్చిన ఏడు నెలలకు! తుంగభద్రలో స్నానం చేయించి, ఆనవాయితీ ప్రకారం ముందుగా గ్రామదేవత మంచాలమ్మను దర్శించుకున్నాం. ఎడమకాలు ఇంకా కాస్త ఈడుస్తోంది. చేయి అందిస్తే వద్దంది. తడి చీర కొంగు నుంచి రాతినేల మీద పడుతున్న నీటి చుక్కలు చూస్తూ వెనకాలే నడిచాను.

1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన చోటు ఇది. జబ్బు నయం కావాలని రోజుల తరబడి ఇక్కడే ఉండి సేవ చేసేవారు ఎందరో. మందులు, వ్యాయామం మేము మానలేదు, మానము కూడా. కానీ కర్నూలు ఇంట్లో మంచం దిగడానికే భయపడిన మనిషికి ఈ ధైర్యం ఇచ్చింది మాత్రం రాయరే, ఆ రాఘవేంద్రస్వామే.

తిరుగు ప్రయాణంలో మృత్తిక (స్వామి ప్రసాదంగా ఇచ్చే పవిత్రమైన మట్టి) పొట్లాన్ని బస్సు దిగేదాకా వదల్లేదు. ఎడమచేతి గుప్పిట్లోనే పట్టుకుంది.