తెలివి దాకా వచ్చే దారి

సెలవురోజు. బట్టలు మడతపెట్టడం, పాత ఫైళ్ళు సర్దడం తప్ప చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి, ఎక్కడెక్కడికో వెళ్ళి చివరికి గ్రహాంతరవాసుల దగ్గర తేలాడు. "ఇన్ని కోట్ల గ్రహాలున్నాయి కదక్కా, ఒక్కరైనా ఉండరా?" అని వాడి పట్టు.

1950లో భోజనాల దగ్గర భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ అడిగిందీ అదేనట, వాళ్ళంతా ఎక్కడ అని. 1960లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రేడియో టెలిస్కోప్‌ను రెండు నక్షత్రాల వైపు తిప్పి విన్నాడు. వాళ్ళ జాడ లేదు. ఇప్పటికీ లేదు.

వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని అంతమైపోయారనే జవాబు తమ్ముడిది. నాకది సినిమా కథలా ఉంటుంది. అసలు అంతదాకా ఎవరూ రాలేదేమో! భూమికి సుమారు 454 కోట్ల ఏళ్ళు. 350 కోట్ల ఏళ్ళ కిందటికే సూక్ష్మజీవులున్నాయి, అంటే ప్రాణం పుట్టడం మరీ ఆలస్యం కాలేదు. ఆ తర్వాత వంద కోట్ల ఏళ్ళకు పైగా బాక్టీరియా, వాటిలాగే ఒంటికణపు జీవులైన ఆర్కియా, అంతే. ఎప్పుడో ఒక ఆర్కియాలోకి బాక్టీరియా ఒకటి చేరి, జీర్ణమైపోకుండా అక్కడే కాపురం పెట్టింది. అదే మైటోకాండ్రియా, కణానికి శక్తినిచ్చే భాగం. చెట్టూ, పుట్టగొడుగూ, ఏనుగూ, మనమూ అందరం ఆ సంతతే. కళ్ళు విడివిడిగా పదులసార్లు పుట్టాయి. ఎగరడం కూడా పురుగులు, టెరోసార్లనే పాతకాలపు ఎగిరే సరీసృపాలు, పక్షులు, గబ్బిలాలు ఎవరికి వారే నేర్చుకున్నారు. ఈ కలయిక ఫలించింది మాత్రం, తెలిసినంతలో, ఒక్కసారే.

పోనీ ఆ గండం దాటినా తెలివి వస్తుందా? డైనోసార్లు 16 కోట్ల ఏళ్ళకు పైగా బతికి రాతి పనిముట్టు ఒక్కటీ చేయలేదు. వాటికి ఆ అవసరమే లేదు మరి. మన మెదడు బరువు ఒంట్లో రెండు శాతం, తినేది ఇరవై శాతం. అంత ఖర్చు పెట్టి పోషించడం ఏ జీవికైనా లాభమేనా? ఆక్టోపస్‌కు తెలివుంది, కానీ చాలా జాతులు ఏడాదో రెండేళ్ళో బతికి, నేర్చుకున్నది పిల్లలకు చెప్పకుండానే పోతాయి.

భౌతిక శాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ 1983లో చెప్పిన లెక్క ఇక్కడ బాగా అతుకుతుంది. సూర్యుడు మెల్లగా వేడెక్కుతున్నాడు, సంక్లిష్ట జీవులకు ఇంకో వంద కోట్ల ఏళ్ళ గడువుంటే ఎక్కువ. గడువు దగ్గరపడ్డాక వచ్చామంటే దారిలో మెట్లు చాలా కష్టమైనవే అయ్యుండాలి.

ఉన్నది ఒక్క భూమే కాబట్టి ఇదంతా ఒకే ఉదాహరణ మీద కట్టిన వాదన అని తమ్ముడు అడ్డుపడ్డాడు. ఒప్పుకున్నాను. గురుగ్రహపు చందమామ యూరోపా మంచు కింద బాక్టీరియా లాంటివి దొరికితే నాకు ఆశ్చర్యం ఉండదు. అక్కడ మైటోకాండ్రియా లాంటిది పెట్టుకున్న కణం దొరికిందంటే మాత్రం ఈ పేజీ చింపేస్తానని వాడితో పందెం.