మూడో చక్రం వచ్చాక

దూరప్రయాణాలకు వాడే పెద్ద టూరింగ్ బైక్ పరుగులో ఉన్నంతసేపు దాని బరువు మనకు తెలియదు, ఆగినప్పుడే తెలుస్తుంది. నిండు ట్యాంకు, రెండు పక్కలా పెట్టెలు, వెనక సీట్లో మనిషి, కింద కొంచెం వాలుగా ఉన్న నేల. ఆ క్షణంలో మొత్తం భారం ఒక కాలి మీద పడుతుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత నా కుడికాలు ఆ భారం మొయ్యలేదని తేలిపోయింది. "బండి నడపొచ్చు, ఆపడమే మీకు కష్టం" అన్నారు డాక్టరు గారు. ఆయన బైక్ నడిపే మనిషి కాదు గానీ అసలు విషయం మాత్రం పట్టేశారు.

తేలికైన బండికి మారమని కొందరు సలహా ఇచ్చారు. ఒంటరిగా తిరిగేవాళ్ళకు అది మంచి మాటే. మా ఆవిడా నేనూ సామానుతో సహా రోజుల తరబడి తిరిగేవాళ్ళం. వెనక కూర్చునే మనిషికి నడుము నొప్పి తప్ప ఏమీ మిగలని బండి మాకు పనికిరాదు. టూరింగ్ మానేయడం అనే ఆలోచన నేను ఒక్క పూట కూడా భరించలేకపోయాను. అలా మూడు చక్రాల వైపు చూడటం మొదలుపెట్టాను.

చూడటం మొదలుపెట్టాక తెలిసింది, ఇది ఒకే రకం బండి కాదు. వెనక రెండు చక్రాలుండేది పాత పద్ధతి. హార్లీ-డేవిడ్‌సన్ సర్వీ-కార్ అనే మూడు చక్రాల బండిని 1932 నుంచి 1973 దాకా తయారుచేసింది. పోలీసులూ, డెలివరీ చేసేవాళ్ళూ దాన్ని బాగా వాడారు. "అసలైన మోటార్‌సైకిల్" అంటే హార్లీయే అని వాదించే మిత్రులకు ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత అదే కంపెనీ తెచ్చిన ట్రై గ్లైడ్ కూడా వెనక రెండు చక్రాల బండే. ముందు రెండు చక్రాలుండే పద్ధతిలో క్యాన్-యామ్ స్పైడర్ 2007లో వచ్చింది. మలుపులో బ్రేక్ వేస్తే బరువంతా ముందుకీ, బయటి వైపుకీ తోసుకొస్తుంది. అక్కడ ఒక చక్రం ఉంటే బండి ఆ మూలకు ఒరిగే ప్రమాదం ఎక్కువ, చక్రాలు రెండుంటే అవి ఆ బరువును కాచుకుంటాయి. వంపులున్న రోడ్లు ఇష్టపడే నాకు ఈ ఒక్క కారణం చాలు.

యమహా నైకెన్ నన్ను బాగా ఊరించింది. ముందు రెండు చక్రాలున్నా మామూలు బైక్‌లాగే పక్కకు వాలుతుంది. కానీ ఆగినప్పుడు తనంతట తాను నిలబడదు, కాలు దించాల్సిందే. పియాజియో ఎంపీ3 లాంటి వాలే మూడు చక్రాల స్కూటర్లలో ఆగినప్పుడు వాలకుండా పట్టి ఉంచే లాక్ ఉంటుంది, నైకెన్‌లో లేదు. నా సమస్యే ఆగినప్పుడు వచ్చేది కాబట్టి ఆ ఆశ వదులుకుని, స్పైడర్‌లోనే దూరప్రయాణాలకు తయారుచేసిన ఆర్‌టీ తీసుకున్నాను.

మామూలు బైక్ మీద వాలడం పోయింది. ఆ మాట ఎవరితోనైనా నిజాయితీగా చెబుతాను. మలుపులోకి వాలుతూ దిగి, మళ్ళీ నిటారుగా లేచే ఆ ఊపు వాలని ఈ మూడు చక్రాల మీద దొరకదు. నేను ఆ ఊపు కోసమే బైక్ ఎక్కిన మనిషిని. ఇప్పటికీ ఎదుటి నుంచి ఎవరైనా అందంగా వాలుతూ వస్తే కళ్ళు అటే పోతాయి. దానికి బదులుగా దొరికింది వేరే ఆనందం, అది రావడానికి సమయం పట్టింది.

ముందుగా ఖాళీ మైదానంలో సాధన చేశాను. రెండు చక్రాల బండి వేగంలో ఉన్నప్పుడు కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెడతాం. బండి కుడికి వాలి, అటే తిరుగుతుంది. ఏళ్ళ తరబడి నడిపినవాడికి ఇది ఆలోచించి చేసే పని కాదు. స్పైడర్ మీద అంతా తలకిందులు. కుడికి పోవాలంటే కుడి హ్యాండిల్‌ను వెనక్కి లాగాలి, ఎడమ దాన్ని ముందుకు నెట్టాలి. బుర్రకు అర్థమైనా చేతులకు ఎక్కదు. అందుకే ఎక్కువ అనుభవం ఉన్న రైడరే మొదట్లో ఎక్కువ ఇబ్బంది పడతాడు. కొత్తవాళ్ళు దీన్ని తొందరగా నేర్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

బ్రేకుది ఇంకో కథ. చేతి బ్రేక్ లేదు. కుడికాలి కింద ఒకే పెడల్, అది మూడు చక్రాలనూ పట్టుకుంటుంది. కుడిచేతి వేళ్ళు అలవాటుగా లేని లివర్ కోసం వెతుకుతాయి. వేళ్ళు ఆ వెతుకులాట మానేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. గేర్లు ఎడమ బొటనవేలితో పైకి, చూపుడువేలితో కిందికి. వేగం తగ్గితే బండే కింది గేర్లోకి వచ్చేస్తుంది. ఆగబోతుంటే కాలు కిందికి దించే అలవాటును కూడా మాన్పించాలి. ఈ బండికి ఆ కాలి అవసరం లేదు, పైగా కదిలే బండి పక్కన నేలకు ఆనించిన కాలికి దెబ్బ తగలొచ్చు. ఆగాక పార్కింగ్ బ్రేక్ వెయ్యడం మరచిపోకూడదు. సైడ్ స్టాండ్ లేని బండి, వాలు మీద దొర్లిపోతుంది.

ఇంత నేర్చుకుని మా రైడింగ్ గుంపు దగ్గరికి వెళ్తే మొదట వచ్చిన మాట, "పిల్లల సైకిల్‌కి పక్కచక్రాలు పెట్టినట్టుంది అన్నా." అందరూ నవ్వారు. ఇంకొకతను, "పడిపోయే భయం లేనప్పుడు ఇక రైడింగ్ ఏముంది?" అన్నాడు. మొదటి మాట నన్ను పెద్దగా బాధించలేదు. రెండోది చాలా రోజులు తొలిచింది. పడిపోయే భయమేనా మనల్ని రైడర్లను చేసేది? వానా, గాలీ, ఎండా ఒంటి మీదే పడుతున్నాయి. చుట్టూ ఇనుప పెట్టె లేదు. ఎదుటివాడు చూసుకోకుండా అడ్డం వస్తే ఏ బైక్ మీదైనా జరిగేదే మాకూ జరుగుతుంది. అందుకే హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ విషయంలో నేను ఏమీ తగ్గించలేదు.

గుంపుతో కలిసి వెళ్ళిన మొదటి దూరప్రయాణంలో నేను వెనక ఉన్నాను. అలిగి కాదు. బైకులు లేన్‌లో ఒకటి ఎడమ, ఒకటి కుడి చొప్పున అంచెలుగా వెళ్తాయి. మూడు చక్రాల బండి లేన్ మొత్తం తీసుకుంటుంది. మధ్యలో ఉంటే ఆ వరస చెడుతుంది, వెనకవాడికి పక్కకు తప్పుకునే చోటు ఉండదు. అందుకని చివర, కాస్త ఎక్కువ ఎడంగా ఉండటం మంచిది. దాన్ని కొందరు వెలివేత అనుకుంటారు. నాకైతే అది చక్కటి చోటు, అందరి బండ్లూ కనిపిస్తుంటాయి.

ఆ ప్రయాణం నేర్పినంత మైదానం నేర్పలేదు. గుంతల సంగతే చూడండి. రెండు చక్రాల బండికి రోడ్డు మీద ఒక్క దారి చాలు, గుంత పక్క నుంచి జారుకోవచ్చు. కారు గుంతను రెండు చక్రాల మధ్యకు తీసుకుని దాటేస్తుంది. మాకు రెండూ కుదరవు. ముందు చక్రాలు రెండు దారుల్లో, వెనక చక్రం మధ్య దారిలో. గుంతను మధ్యకు తీసుకుంటే వెనక చక్రం దబ్బున పడుతుంది, ఆ దెబ్బంతా వెనక కూర్చున్న మనిషి వెన్నుకే. కాబట్టి రోడ్డును చాలా దూరం ముందు నుంచే చదువుకుంటూ పోవాలి. లేన్ మధ్యలో బండ్ల నుంచి కారిన నూనె మరక ఉంటుంది చూడండి, బైకర్లు దాన్ని తప్పించుకుని పోతారు. మా వెనక చక్రం, అంటే బండిని తోసే చక్రం, సరిగ్గా దాని మీదే నడుస్తుంది.

వానలో ఇంకా జాగ్రత్త కావాలి. వెనక టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, కారు టైరులా బల్లపరుపుగా ఉంటుంది, కానీ దాని మీద కారంత బరువు లేదు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోతే టైరు నీటి మీద తేలిపోతుంది. మూడు చక్రాలున్నాయి కదా, వానలో ఇదే భద్రం అనే మాట పూర్తిగా నిజం కాదు. తడి రోడ్డు మీద బ్రేక్ వేసినప్పుడు పక్కకు జారి పడిపోకపోవడం నిజమైన లాభం. నీళ్ళ మడుగు కనిపిస్తే నెమ్మదించాల్సింది మాత్రం మనమే.

ఇక మలుపులు. బండి వాలదు కాబట్టి మనిషిని బయటికి విసరాలని చూస్తుంది. కుడి మలుపులో ఒళ్ళు ఎడమకు పోతుంది. మోకాళ్ళు ట్యాంకుకు గట్టిగా అదిమి, ఎడమ పాదం నొక్కిపట్టి, ఛాతీని కుడివైపు ముందుకు తీసుకెళ్ళాలి. కొండ దారిలో గంటసేపు ఇలా చేస్తే భుజాలు, జబ్బల వెనక కండరాలు, తొడలు లాగేస్తాయి. వేగం మరీ ఎక్కువై లోపలి చక్రం లేవబోతే బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తనే ఇంజిన్ శక్తి తగ్గించి, అవసరమైన చక్రానికి బ్రేక్ వేస్తుంది. అది అలా చేసిందంటే మన అంచనా మించిందని అర్థం. పట్టు దొరికాక అదే మలుపుల్లో వేరే ఆనందం తెలిసింది. చేతులు, నడుము, కాళ్ళు ఒకే లయలో పని చేస్తుంటే బండి పట్టాల మీద పోతున్నట్టు వంపు తిరుగుతుంది. వాలడం వేరు, ఇది వేరు. రెండింటినీ పోల్చడం మానేశాకే ఇది నాకు నిజంగా నచ్చింది.

పక్కగాలి మాత్రం విసిగిస్తుంది. బైక్ గాలిలోకి కొంచెం వాలి సర్దుకుంటుంది. ఇది పడిపోదు, కానీ మొత్తంగా పక్కకు నెట్టుకుపోతుంది. పెద్ద లారీని దాటేటప్పుడు హ్యాండిల్‌ను గట్టిగా బిగిస్తే బండి ఇంకా ఊగుతుంది. పట్టు వదులుగా, చూపు దూరంగా ఉంచితే తనే నిలుస్తుంది.

మా ఆవిడ అభిప్రాయం నాకంటే ముందే స్థిరపడింది. వీపుకు ఆనుకునే సీటు, ఆగిన ప్రతిసారీ నేను తూలుతానేమోనన్న టెన్షన్ లేకపోవడం. "మలుపు వస్తోందని ముందే చెప్పండి, పట్టుకుంటాను" అన్నదొక్కటే ఆవిడ ఫిర్యాదు. హెల్మెట్లకు ఇంటర్‌కమ్ పెట్టించాక అదీ తీరింది.

రైడర్ల తీరు గురించి చెప్పాలి. బంకుల దగ్గర, టీ కోసం ఆగిన చోట మాట్లాడించిన వాళ్ళను గమనిస్తూ వచ్చాను. ఎదురుపడిన బైకర్లలో కొందరు, నేను చెయ్యి ఊపితే చూసీ చూడనట్టు పోయారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత ఒకటి కనిపెట్టాను. ఎగతాళి ఎక్కువగా దగ్గర దూరాలు తిరిగేవాళ్ళ నుంచే వచ్చేది. దుమ్ము కొట్టుకుపోయిన జాకెట్లతో, సామాను కట్టుకుని వచ్చినవాళ్ళు వేరే ప్రశ్నలు అడిగేవారు: ట్యాంకు ఎంత దూరం వస్తుంది, భుజాలు నొప్పి పుడుతున్నాయా, దార్లో వెనక టైరు దొరుకుతుందా? దూరం తెలిసినవాళ్ళకు చక్రాల లెక్క కంటే ఆ ప్రశ్నలే ముఖ్యం. దూరప్రయాణాల రైడర్ల సంఘం ఐరన్ బట్ అసోసియేషన్ పెట్టే శాడిల్‌సోర్ 1000 అనే పరీక్ష అంటే 24 గంటల్లో 1000 మైళ్ళు, అంటే దాదాపు 1,609 కిలోమీటర్లు. స్పైడర్ మీద అది పూర్తిచేసి సర్టిఫికెట్ అందుకున్న వాళ్ళున్నారు.

ఎగతాళి కంటే నాకు కష్టంగా అనిపించింది జాలి. "పాపం, కాలికి ఏమైంది?" అని మొదలుపెట్టేవాళ్ళు. నాకు మోకాలు కారణం కావొచ్చు గానీ, ఏ దెబ్బా లేకుండా ఇష్టపడి మూడు చక్రాలు ఎంచుకున్నవాళ్ళు చాలామందిని కలిశాను. ఎత్తు తక్కువై పెద్ద బైక్ నేలకు అందని వాళ్ళు, నడివయసులో మొదటిసారి హ్యాండిల్ పట్టిన వాళ్ళు. వాళ్ళందరినీ రోగుల్లా చూడటం అన్యాయం. మా వాళ్ళలోనూ ఈ జబ్బుంది. వాలే మూడు చక్రాలవాళ్ళు వాలని వాటిని, ముందు రెండున్నవాళ్ళు వెనక రెండున్నవాళ్ళను చిన్నచూపు చూస్తారు. ఒకరి మీద వేసిన రాయి ఇంకొకరికి అందిస్తున్నట్టుంటుంది. అలాంటి మాట నా ముందు వస్తే ఊరుకోను.

"రైడింగ్ ఏముంది?" అన్నతను ఒక మజిలీలో నా దగ్గరకొచ్చి, "ఒకసారి ఇస్తావా అన్నా?" అని అడిగాడు. విశాలమైన ఖాళీ స్థలం చూసి, చేతి బ్రేక్ ఉండదని, హ్యాండిల్ అటుది ఇటని రెండుసార్లు చెప్పి ఇచ్చాను. మొదటి రెండు మలుపులు బండి అతను అనుకున్న వైపు తిరగలేదు. ఆగిపోయి, తల ఊపి, మళ్ళీ మొదలుపెట్టాడు. అరగంట తర్వాత దిగి భుజాలు పట్టుకున్నాడు. "ఇంత పని ఉందా?" అన్నాడు. ఇష్టపడ్డాడా అంటే లేదు, తనకు వాలడమే కావాలని స్పష్టంగా చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇష్టం లేకపోవడం వేరు, తక్కువగా చూడటం వేరు. మర్నాటి దారిలో కొండ మలుపులు ఎక్కువున్నాయని, నా భుజాలకు విశ్రాంతి కోసం ప్రతి 100 కిలోమీటర్లకు ఆగుదామని గుంపులో ప్రతిపాదించింది అతనే. అందరూ సరేనన్నారు.