కార్డు చిరగకుండా కారు బయటికి తీశాను

మా వాడికి ఏడేళ్లు. బీరువా పై అరలో, ప్యాకింగ్ కార్డుతో సహా నేను దాచుకున్న ట్విన్ మిల్ బొమ్మ కారు వాడి కంట పడింది.

"నాన్నా, ఇది నీదా నాదా?" అన్నాడు. నాదే అన్నాను. "మరి నువ్వెందుకు ఆడుకోవట్లేదు?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు మాత్రం వినిపించింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. హాట్ వీల్స్ అనే బొమ్మ కార్ల బ్రాండ్ మొదలైంది 1968లో, ఆ మరుసటి ఏడాదే వచ్చిన కారు ఈ ట్విన్ మిల్, ఇరా గిల్‌ఫర్డ్ అనే ఆయన డిజైన్. రోడ్డు మీద తిరిగే ఏ కారుకీ ఇది నకలు కాదు, ముందు వైపు రెండు ఇంజిన్లు పక్కపక్కన పైకి పొడుచుకుని ఉంటాయి, అంతే, చూడగానే పిల్లలు పడిపోతారు. అప్పట్నుంచి రంగులు మార్చి మార్చి తెస్తూనే ఉన్నారు. నా దగ్గరున్నది అరుదైనదేం కాదు, షాపులో కొక్కేనికి వేలాడుతుంటే కొన్న మామూలుదే. కాకపోతే కార్డు మీద బొమ్మ నాకు చాలా ఇష్టం. నిజం చెప్పాలంటే కారు కన్నా ఆ బొమ్మే ఎక్కువ ఇష్టం. కాబట్టి కారు వాడికివ్వాలి, కార్డు నాకు మిగలాలి.

నేరుగా దాని మీద చెయ్యి వేసే ధైర్యం లేక, వాడి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులని కొన్నవాటిలో మిగిలిన నాలుగు కార్లు ముందేసుకున్నాను.

మొదటిది అందరూ తీసినట్టే తీశాను, ఒక మూల గోరుతో లేపి మెల్లగా లాగడం. ఎంత మెల్లగా లాగినా అదే గతి. ప్లాస్టిక్ అంచుతో పాటు రంగు పొర లేచొచ్చి, కార్డు మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఇందులో మన చేతి తప్పేం లేదు. అక్కడ వేరే జిగురంటూ రాయరు, కార్డు మీద ముందే ఒక పూత ఉంటుంది, బ్లిస్టర్ (అంటే కారుని కప్పి ఉండే ప్లాస్టిక్ మూత) అంచుని వేడితో దాని మీద నొక్కేస్తే రెండూ కరుచుకుంటాయి. ప్యాకింగ్ పనివాళ్ల లెక్కలో, లాగినప్పుడు కాగితం పీచు చిరిగిందంటే అతుకు బాగా పడ్డట్టు. అంటే ఇది చిరగడానికే తయారైంది, మనం లాగి గెలిచేది కాదు.

రెండోదానికి హెయిర్ డ్రయ్యర్. అతుకు వేడితో పడింది కదా, వేడితోనే వదులుతుందని నా తెలివి. మూల దగ్గర కొంచెం వదిలింది కూడా. ఈలోపు బ్లిస్టర్ మెత్తబడి ఒక పక్కకి వాలిపోయింది. ఆ ప్లాస్టిక్ 70, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మూడోది మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్. దీని గురించి ఎక్కువ చెప్పను. దూది అంచుకి తగలగానే కార్డు మీది ఎర్రరంగు దూదికి వచ్చేసింది. అసిటోన్ ఉన్నది ఏదీ కార్డు దరిదాపులకి రానివ్వకండి.

నాలుగోది ఇస్త్రీపెట్టె. కార్డుని టేబుల్ అంచున, బ్లిస్టర్ కిందకి వేలాడేలా బోర్లా పెట్టి, వెనక వైపు నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడి మీద అతుకున్న చోట్ల మాత్రమే ఐదారు సెకన్లు ఆనించి, వేడిగా ఉండగానే అంచుని లేపుకుంటూ వెళ్లాను. వచ్చేసింది! ఒక్క పీచు లేవలేదు. ఆనందం ఒక నిమిషం, ఎందుకంటే చల్లారేసరికి కార్డు వేయించిన అప్పడంలా వంకర తిరిగింది. ఒక వైపే తేమ ఆరిపోతే కాగితం అలాగే ముడుచుకుంటుంది. నిఘంటువు కింద మూడు రోజులు పెడితే చాలావరకు సాపైంది గానీ, అతుకున్న చోట చుట్టూ మెరుపు గీత ఉండిపోయింది.

అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. ఇలా తీసి, లోపల వేరే కారు పెట్టి, మళ్లీ అంటించి అమ్మేవాళ్లు ఉన్నారు. సూపర్ ట్రెజర్ హంట్ (హాట్ వీల్స్‌లో అరుదుగా దొరికే ప్రత్యేకమైన కార్లు) లాంటివి సీల్‌తో ఉన్నాయని ఎక్కువ డబ్బు పెట్టి కొనేవాళ్లు ఆ మెరుపు గీతని, వంకర అంచుని చూసుకోవాలి. అలాంటి ఖరీదైనవి మీ దగ్గరుంటే అసలు తెరవొద్దు, కార్డు ఎంత బాగా మిగిలినా సీల్ పోతే ధర పోయినట్టే.

ఇన్ని కార్డులు తగలేశాక వెలిగింది. నేను అతుకుతో ఎందుకు పోరాడుతున్నాను? నాకు కావాల్సింది కార్డు, కారు. బ్లిస్టర్ ఏమైతే నాకేం? అతుకుని అలాగే వదిలేసి ప్లాస్టిక్‌నే కోస్తే సరిపోతుంది కదా.

ట్విన్ మిల్‌కి అదే చేశాను. బ్లిస్టర్ కింది వైపు, కారు అడుగున గోడలా ఉంటుంది చూడండి, దాన్ని మూడు వైపులా కోసి తలుపులా చెయ్యాలి. ముందు బ్లిస్టర్ చుట్టూ కార్డు మీద మాస్కింగ్ టేప్ వేశాను, కటర్ జారితే టేప్‌కి తగలాలని. ఆ టేప్‌ని నేరుగా అంటిస్తే అదే రంగు లేపేస్తుంది, అందుకని ముందు నా చొక్కాకి రెండుసార్లు అంటించి పీకి, జిగురు చంపి వేశాను. కటర్‌కి కొత్త బ్లేడ్. కార్డుకి ఒక రెండు మిల్లీమీటర్లు పైన, కార్డుకి సమాంతరంగా గీత. ఒక్కసారికి తెగాలని నొక్కకూడదు, అదే గీత మీద ఏడెనిమిది సార్లు తేలిగ్గా లాగుతుంటే దానంతటదే తెగుతుంది. తర్వాత ఆ గీత రెండు చివర్ల నుంచి పైకి, బ్లేడ్ ఎప్పుడూ కార్డు వైపు నుంచి బయటికే కదలాలి. పై అంచు కొయ్యలేదు, అదే మడత బందు.

ఇరవై నిమిషాలు పట్టింది. చెమట కూడా పట్టింది, కాకినాడ కదా, ఫ్యాన్ గాలికి కార్డు కదులుతుందని ఫ్యాన్ కట్టేసి కూర్చున్నాను. తలుపు ఎత్తి కార్డు వంచితే కారు మెల్లగా జారి అరచేతిలో పడింది. మా వాడు పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు, నేను "తీసుకో" అనేలోపే లాక్కుపోయాడు.

ఎమ్మార్పీ స్టిక్కర్ ఒకటి మిగిలింది. దానికి మాత్రం హెయిర్ డ్రయ్యర్ బాగా పనిచేసింది, దూరం నుంచి పది సెకన్లు వెచ్చబెట్టి, పైకి లాగకుండా కార్డుకి ఆనించినట్టే వెనక్కి మడుచుకుంటూ తీస్తే మరక లేకుండా వచ్చింది.

కార్డుని హాల్లో గోడకి తగిలించాను. రాత్రి పడుకునే ముందు మా వాడే కుర్చీ ఎక్కి ఆ తలుపు తెరిచి కారు లోపల పెడుతున్నాడు, అది గ్యారేజీ అట. రెండు ఇంజిన్ల మీద రంగు అప్పుడే గీరుకుపోయింది. నిన్న చూస్తే లోపల కారు లేదు, రెండు చింతపిక్కలు పార్క్ చేసి ఉన్నాయి.