ఖారా బన్ అడుగున బంక పొర

మైదా లేకుండా నేను ఇంట్లో చేస్తున్న ఖారా బన్ (బెంగళూరు బేకరీల్లో దొరికే ఉల్లి, పచ్చిమిర్చి బన్ను) అడుగున బంక ఈసారీ పూర్తిగా పోలేదు. పైన చక్కగా పొంగి, ఎర్రగా కాలి, ఇల్లంతా పచ్చిమిర్చి, కరివేపాకు వాసన. మధ్యకి కోసి చూస్తే అడుగున మళ్ళీ అదే పొర. బూడిద రంగులో మెరుస్తూ, కత్తికి అంటుకుంటూ ఉంది. స్కేలు పెట్టి కొలిచాను, 2 మి.మీ. మొదట్లో సెంటీమీటరు మందాన ఉండేది కాబట్టి ఇది ముందడుగే అనుకోవాలి. మా అత్తగారు మాత్రం ఒక ముక్క తిని, "బాగానే ఉంది బాబూ, ఇంకో పది నిమిషాలు ఉడకనిస్తే సరిపోయేది" అన్నారు. ఇంకో పది నిమిషాలూ అయిపోయాయి, ఇంకో ఇరవై కూడా అయిపోయాయి. ఆ పొర ఉడకడానికి సంబంధించినది కాదని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఈ గొడవంతా మామగారి కోసం. ఆయనకి షుగర్. గుంటూరు నుంచి మా దగ్గరికి బెంగళూరు మారతహళ్ళి వచ్చాక సాయంత్రం నడక కాస్తా అయ్యంగార్ బేకరీ దాకా సాగడం మొదలైంది. బెంగళూరులో ఉంటూ ఖారా బన్ తినొద్దంటే ఎవరు వింటారు? బేకరీలో దొరికే 60 గ్రాముల మైదా బన్‌లో పిండి పదార్థమే 30 గ్రాముల దాకా ఉంటుంది. నేను చేసేదాంట్లో, ఉల్లిపాయతో సహా, ఫైబర్ తీసేస్తే 3 నుంచి 4 గ్రాములు.

ఉల్లి లేని మామూలు బన్ ఎప్పుడో కుదిరింది. కొలతలు అందరూ వాడేవే: బాదం పిండి 150 గ్రా., ఇసబ్‌గోల్ (నీళ్ళు పీల్చి జెల్ అయ్యే గింజల పొట్టు) పొడి 40 గ్రా., బేకింగ్ పౌడర్ 8 గ్రా., ఉప్పు 5 గ్రా., 3 గుడ్ల తెల్లసొన (దాదాపు 100 గ్రా.), వెనిగర్ 10 మి.లీ., వేడి నీళ్ళు 240 మి.లీ. ఆరు బన్నులు, 175 డిగ్రీలు, 50 నిమిషాలు. బేకింగ్ పౌడర్ మొదట 9 గ్రాములు వేసేవాణ్ణి. పై పెంకు కింద గుహలాగా ఖాళీ వచ్చేది. 3000 అడుగుల ఎత్తులో టీస్పూనుకి ఎనిమిదో వంతు తగ్గించమంటారు. బెంగళూరు దాదాపు ఆ ఎత్తే కదా అని ఒక గ్రాము తగ్గిస్తే ఖాళీ పోయింది.

అసలు తగాదా ఉల్లిపాయ కలిపినప్పుడే. 80 గ్రాముల ఉల్లి తరుగు, 20 గ్రాముల పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు వేశానంటే అడుగున బంక ఖాయం. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

మొదట థర్మామీటర్ మీద అనుమానం వచ్చింది. లోపల 98 నుంచి 99 డిగ్రీలు వచ్చాక తీయమని రెసిపీల్లో రాస్తారు. నా ప్రోబ్ 96.5 దగ్గర ఆగిపోయేది, ఇక కదలదు. సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తులో నీళ్ళు మరిగేదే సుమారు 97 దగ్గర. గిన్నెలో నీళ్ళు తెర్లించి ప్రోబ్ ముంచితే 96.8 చూపించింది. అంటే ప్రోబ్ సరిగ్గానే ఉంది. లోపల తడి ఉన్నంతసేపూ ఇక్కడ ఏ బ్రెడ్డూ 98కి చేరదు. ఇంకో చిక్కు, ఆ 96.5 అరగంట దాటగానే వచ్చేస్తుంది, నీళ్ళు మాత్రం ఇంకా లోపలే ఉంటాయి. కాబట్టి ఈ రకం బ్రెడ్డుకి ఈ ఊళ్ళో థర్మామీటర్ పెట్టుకుని కూర్చోవడం దండగ.

అయితే బంకకి కారణం ఊరి ఎత్తేనా? చెన్నైలో అంబత్తూర్‌లో ఉండే మా అక్కకి కొలతలన్నీ పంపి, అదే రకం ఉల్లి వేసి చేయమన్నాను. "ఒరేయ్, నాకు 99 వచ్చిందిరా, నీకెందుకు రాలేదు" అని ముందు గొప్పలు పోయింది. కోసి ఫొటో పంపింది. అడుగున 8 మి.మీ. బంక! ఆ ఫొటో చూసి నాకైతే పండగే. ఎత్తుకీ బంకకీ సంబంధం లేదని తేలిపోయింది.

ఇక థర్మామీటర్ పక్కన పెట్టి త్రాసు పట్టుకున్నాను. ఉల్లి లేని బన్ను పచ్చిగా 92 గ్రాములు, కాలాక 77. అంటే 16 శాతం తగ్గింది. ఉల్లి వేసింది 109 నుంచి 97కి వచ్చింది. తగ్గింది 11 శాతమే. మరి ఉల్లిలో 89 శాతం నీళ్ళే కదా. 80 గ్రాముల తరుగులో 71 గ్రాముల నీళ్ళు. ఉప్పు తగలగానే అవి బయటికొస్తాయి, పక్కనే దాహంతో ఉన్న ఇసబ్‌గోల్ పట్టేసుకుంటుంది. మైదాలో అయితే స్టార్చ్ ఉడికి కొంత నీటిని బిగించేస్తుంది. ఇక్కడ ఆ స్టార్చే లేదు. బన్ను నిలబడేది తెల్లసొన, ఇసబ్‌గోల్ జెల్ మీద. నీళ్ళు ఎక్కువైతే ఆ జెల్ జెల్‌గానే ఉండిపోతుంది. మైదా బదులు ఇంత బాదం పిండి అని లెక్కలు చెప్పే పట్టికలంటే నాకు గురి లేనిది అందుకే. బాదం పిండి మైదా బరువును భర్తీ చేస్తుందేమో గానీ, నీళ్ళను పట్టి ఉంచే పని చేయలేదు. ఆ పని ఇంకెవరికి అప్పజెప్పామో, ఎంతవరకు అప్పజెప్పామో చూసుకోవాలి. కొబ్బరి పిండి అయితే మరీ అన్యాయం, బాదం పిండిలో నాలుగో వంతు వేసినా గిన్నెలో నీళ్ళన్నీ తాగేస్తుంది.

ఉల్లిని నందిని నెయ్యిలో సన్న సెగ మీద వేయించి 80 గ్రాముల్ని 45కి దించాను. బంక సెంటీమీటరు నుంచి 4 మి.మీ.కి పడిపోయింది. బరువు తగ్గుదల కూడా 14 శాతం దాటింది. ఇంకేం, దారి దొరికిందనుకుని నీళ్ళు 240 నుంచి 215కి తగ్గించాను. బంక 3 మి.మీ., కానీ పైన బీటలు, లోపల పొడిపొడి. పైన ఎండిపోతోంది, అడుగున తడి. అంటే మొత్తం నీళ్ళ లెక్క ఒక్కటే కాదు, నీళ్ళు ఎక్కడ చేరుతున్నాయన్నది కూడా చూడాలి.

ఇసబ్‌గోల్ కొలత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్పూన్లతో కొలిస్తే కొంప మునుగుతుంది. పొట్టు ఒక టేబుల్ స్పూను 5 గ్రాములుంటే, అదే మిక్సీలో పొడి చేసి జల్లిస్తే స్పూనుకి 9 దాకా తూగుతుంది. నేను మందుల షాపులో దొరికే టెలిఫోన్ బ్రాండ్ పొట్టు తెచ్చి ఇంట్లోనే పొడి చేస్తాను, నాకు రంగు మారకుండా వచ్చేది అదే. 'బేకింగ్ గ్రేడ్' అని ఆన్‌లైన్‌లో ఎక్కువ రేటుకి కొన్న ఇంకో పొడి బన్నులన్నిటినీ వంకాయ రంగులోకి తిప్పింది. రుచి ఏమీ మారలేదు గానీ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఇసబ్‌గోల్ తిన్నాక నీళ్ళు బాగా తాగాలి. మాత్రలు వేసుకునేవాళ్ళు గంటా రెండు గంటల ఎడం ఇవ్వాలి. మామగారి రాత్రి మాత్రల వేళకి తగ్గట్టు బన్ టైమ్ సాయంత్రం ఐదుకి మార్చాం.

మళ్ళీ అడుగు దగ్గరికి. ఇన్నాళ్ళూ సిలికాన్ మ్యాట్ మీద కాలుస్తున్నాను. దాని మీద మాడదు, అంటుకోదు, కడగడం సుఖం. కానీ కింది రాడ్ వేడిని అది అడ్డుకుంటుంది, ఆవిరి పోవడానికి సందు ఇవ్వదు. అందుకే ఈసారి ఒకే పిండిని (నీళ్ళు మళ్ళీ 240, వేయించిన ఉల్లి) సగం మ్యాట్ మీద, సగం చిల్లుల ట్రే మీద పల్చటి బటర్ పేపర్ వేసి పెట్టాను. ట్రేలు సగంలో అటూ ఇటూ మార్చాను. మ్యాట్ మీదవి 4 మి.మీ., చిల్లుల ట్రే మీదవి 2. బరువు తగ్గుదల కూడా చిల్లుల ట్రే మీదే ఎక్కువ, 103 నుంచి 86. చివరి పది నిమిషాలు ఒక బన్నుని తిరగేసి పెట్టాను. దాని బంక ఇంకాస్త తగ్గింది, కానీ పై పెంకు గవ్వలా గట్టిపడి మామగారి పళ్ళకి పనికిరాకుండా పోయింది. కుకీలకి సిలికాన్ మ్యాట్ ఉండొచ్చు, ఇసబ్‌గోల్ బన్నులకి వద్దు. ఈ విషయంలో నా అభిప్రాయం ఇక మారదు.

మరి ఆ మిగిలిన 2 మి.మీ. ఎక్కడిది? నాకొక అనుమానం ఉంది. ఈ పిండి చేతికి జిడ్డుగా అంటుకుంటుంది కాబట్టి అందరూ చేతులు తడి చేసుకుని ఉండలు కడతారు. ఈసారి పక్కన పెట్టుకున్న నీళ్ళ గిన్నెని ముందూ తర్వాతా తూచాను. ఆరు ఉండలు కట్టేసరికి 18 గ్రాములు తగ్గాయి. చేతికి అంటుకున్నవి, గట్టు మీద చిందినవి పోను సగమైనా పిండిలోకే వెళ్ళి ఉంటాయి. ఉండ కట్టేటప్పుడు అంచులన్నీ కిందికి మడిచి నొక్కుతాం. మైదా అయితే ఆ మడత కలిసిపోతుంది. ఇది కలవదు, తడి పొర మడతలో ఇరుక్కుంటుంది. ఉల్లి ముక్కలు కూడా ఎక్కువ అక్కడికే చేరుతున్నాయి, కోసిన ముక్కలో స్పష్టంగా కనిపిస్తోంది. ఉల్లి లేని బన్నుకీ తడి చేత్తోనే ఉండలు కడతాను, దానికి బంక రాదు. ఆ కాసిని నీళ్ళను అది తట్టుకుంటుంది, ఉల్లి దిగినదానికి ఆ ఓపిక లేదని నా లెక్క.

చల్లారడం విషయంలో మాత్రం రాజీ లేదు. జాలీ మీద రెండు గంటలు ఉంచకుండా కోస్తే మంచి బన్ను కూడా బంకగానే కనిపిస్తుంది. కొలతలన్నీ చల్లారాక తీసినవే. వేడిగా తినాలనే మా ఇంటి జనానికి ఇది పెద్ద శిక్ష.

ఈ మధ్యలో బాదం నాన్‌ఖటాయ్ కుదిరింది, ఎరిత్రిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) మెత్తగా పొడి కొట్టి వేస్తే నోట్లో ఇసుకలా తగలదు, నాలుక మీద దాని చల్లదనం మాత్రం పోదు. నువ్వుల క్రాకర్లు కూడా బాగున్నాయి.

ఖర్చు తగ్గించాలని బాదంలో సగానికి పుచ్చ గింజల పప్పు పొడి వేసి చూశాను, ఉల్లి లేని బన్నులో పర్వాలేదు. పల్లీల పొడి అయితే బన్ను కాస్తా చిక్కీ వాసన వస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు వేసేవాళ్ళకి ఒక మాట: సోడా తగిలితే లోపల ఆకుపచ్చగా మారుతుంది. ప్రమాదమేమీ లేదు, గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం పని అది. నిమ్మరసం, వెనిగర్ కొంచెం పెంచితే తగ్గుతుంది. 'కీటో ఆటా' (పిండి పదార్థం తక్కువని చెప్పే పిండి) అని రెడీమేడ్‌గా అమ్మేవాటి జోలికి నేను వెళ్ళను. నేను తిరగేసిన ప్యాకెట్ల వెనక సోయా, గ్లూటెన్ (గోధుమ ప్రోటీన్) తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. అవే విడిగా కొనుక్కుంటే మనకి కావలసిన పాళ్ళలో కలుపుకోవచ్చు.

మామగారికి రెండు బన్నులు తినకముందు షుగర్ 118 ఉంది, తిన్న రెండు గంటలకి 131. ఆయన దృష్టిలో బంక పొర అసలు సమస్యే కాదు. "అడుగు కోసేసి తినొచ్చు కదయ్యా" అంటారు. కోసేయడానికా ఇంత తూచింది?

వచ్చే ఆదివారం రెండు మార్పులు. చేతులకి నీళ్ళ బదులు నూనె, అది కూడా తూచి, 5 గ్రాములకి మించకుండా. రెండోది, పచ్చి ఉల్లి పూర్తిగా మానేసి ఎండు ఉల్లి రేకులు. గుజరాత్‌లో మహువా వైపు ఉల్లిని ఎండబెట్టే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, ఆ సరుకు ఇక్కడ యశ్వంతపూర్ మార్కెట్‌లో కూడా దొరుకుతుందట. 80 గ్రాముల పచ్చి ఉల్లికి 9, 10 గ్రాముల రేకులు సరిపోతాయి. అవి నీళ్ళు వదలకపోగా పీల్చుకుంటాయి. కాబట్టి ముందే 15 మి.లీ. వేడి నీళ్ళలో నానబెట్టి కలపాలి, లేకపోతే ఈసారి పైన బీటలు. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి మూడు బన్నులు నూనె చేతులతో వేయించిన ఉల్లివి, మూడు తడి చేతులతో ఎండు రేకులవి. అక్కని కూడా చేయమన్నాను, కానీ అక్కడ ఇంట్లో పెళ్ళిచూపుల హడావుడట, పై వారమే కుదురుతుందంది.

ఇది తేలాక గ్లూటెన్, ఈస్ట్‌తో దిల్‌పసంద్ (లోపల కొబ్బరి, టూటీ ఫ్రూటీ పెట్టే బేకరీ తీపి) వైపు వెళ్ళాలని ఉంది. ఈస్ట్‌కి ఒక టీస్పూను చక్కెర వేయాలి, అది చాలామటుకు ఈస్ట్ తినేస్తుంది కాబట్టి దానికి భయపడక్కర్లేదు. భయమల్లా లోపలి టూటీ ఫ్రూటీది. బొప్పాయి ముక్కల్ని ఎరిత్రిటాల్ పాకంలో వేస్తే చల్లారాక పాకమంతా స్ఫటికాలు కట్టి కూర్చుంటుంది. సొరకాయతో, గ్లిజరిన్ కలిపి చేసి చూడాలి.