మందస దారిలో ఒక కొలిమి

పలాసలో రైలు దిగి మందస చేరేసరికే ఒళ్లు మండిపోయింది. షేర్ ఆటో అని ఎక్కించుకుని, దిగేటప్పుడు బ్యాగులకు కూడా డబ్బులు అడిగాడు. కోవా తిన్నాక కోపం కాస్త దిగింది. వాసుదేవ పెరుమాళ్ గుడి చూశాం. చాలా బాగుంది, దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది కొండ కింద ఊళ్లో చూసిన కొలిమి గురించి.

మహేంద్రగిరి వైపు నడిచి ఒక రాత్రి బయట గడపాలని మా ప్లాన్. దానికోసం మా ఫ్రెండ్ రెండు వేలు పోసి ఆన్‌లైన్‌లో ‘సర్వైవల్’ కత్తి తెప్పించాడు. వీపున రంపపు పళ్లు, బోలు పిడి, అందులో అగ్గిపుల్లలు, గాలం, మూతకి దిక్సూచి. దాన్ని కొలిమి దగ్గర చూపిస్తే, కమ్మరి సమ్మెట పక్కనపెట్టి, మూత విప్పి లోపలికి చూశాడు. ఇనుము పిడి మొదట్లోనే ఆగిపోయింది. ఒక్క నట్టు దాన్ని పట్టుకుని ఉంది.

"ఇదేటి బాబూ, కర్ర మీద గట్టిగా రెండు దెబ్బలేస్తే ఇక్కడే ఇరిగిపోద్ది" అంటూ అతుకు మీద గోరు పెట్టి చూపించాడు.

ఆయన చేసేవి లారీ కమాను పట్టీలతో. మా ముందే ఒక కత్తిని ఎర్రగా కాల్చి పాత ఇంజిన్ ఆయిల్‌లో ముంచాడు. ఆ ఉక్కును నీళ్లలో ముంచితే పగుళ్లు రావచ్చట. తర్వాత ఒక పక్క రాయితో రుద్ది తెల్లగా చేసి, సన్నని సెగ మీద పెట్టి, రంగు చూస్తూ కూర్చున్నాడు. ఎండుగడ్డి రంగు తిరగ్గానే తీసేశాడు. ఈ రెండో కాపు లేకపోతే కత్తి పెళుసుగా ఉండి అంచు పెచ్చులూడిపోతుంది.

గజపతినగరం దగ్గర మా ఊళ్లోనూ ఇలాంటి కొలిమి ఉండేది. కమ్మరికి కళ్లంలోనే ధాన్యం కొలిచేవారు. ఇప్పుడక్కడ వెల్డింగ్ షాపు ఉంది.

"వేటకా?" అని ఈ కమ్మరి అడిగాడు.

"కాదు బాబాయ్, పుల్లలు చీల్చుకోడానికి" అన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిలో వేట నేరం, అడవి మీద ఇష్టం ఉన్నవాడికి ఆ మాటే రాకూడదు. పొడవాటిది కూడా చూపించాడు గానీ, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవి కాకపోతే తొమ్మిది అంగుళాలు దాటిన కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. క్యాంపుకి అంత పొడవు అక్కర్లేదు కూడా. అయిదు అంగుళాలది తీసుకున్నా. ఇనుము పిడి చివరిదాకా ఉంది, వీపు మందంగా ఉంది.

ఆ సాయంత్రం రాలిపడ్డ ఎండు కట్టె మీద దాన్ని ఆనించి, వీపు మీద ఇంకో కర్రతో కొడుతుంటే నిలువునా చీలింది. అంచు మొద్దుబారితే గెడ్డ ఒడ్డున రాయి మీద నూరుకున్నాం. స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే, మన సముద్రపు గాలికి మరీను. తుడిచి కొబ్బరినూనె రాశాను.

దిగొచ్చేటప్పుడు మావాడు కూడా ఒకటి చెయ్యమన్నాడు. "చెయ్యి సాపు బాబూ" అని ఆయన వాడి గుప్పిట వెడల్పుకి పుల్ల విరిచి, పిడి కొలతకి పక్కన పెట్టుకున్నాడు. అయిదు వందలన్నాడు. ఆటోవాడితో అంత గొడవపడ్డ మావాడు ఇక్కడ బేరమే ఆడలేదు.