కొరియా జీతం సరే, ఆబ్లిగేషన్స్ ఎంత?

కొరియాలో ఇంగ్లీష్ టీచర్‌కి నెలకు 24 లక్షల వోన్లు ఇస్తారంటే మనవాళ్లు ముందు చేసే పని దాన్ని రూపాయల్లోకి మార్చడం. వోనుకి ఆరు పైసల చొప్పున వేస్తే లక్షా నలభై వేలు దాటుతుంది. కూకట్‌పల్లిలో ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెప్పే మా పిన్ని కూతురికి అది ఎక్కడో ఆకాశంలో ఉన్న అంకె కాబట్టి "అన్నయ్యా, వెళ్లిపోనా?" అని ఫోన్ చేసింది. నేనేమో హోమ్ లోన్ ఫైళ్లు చూసేవాణ్ణి. ఎవరు జీతం చెప్పినా నా నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, ఆబ్లిగేషన్స్ ఎంత, అంటే నెలనెలా కట్టాల్సిన అప్పులెంత అని. కొరియావాళ్ల లెక్కా అలాగే చూశాను.

ముందు జీతాలు. అక్కడి ప్రభుత్వ గణాంకాల్లో 2023లో ఉద్యోగుల సగటు నెల ఆదాయం, పన్నుకు ముందు, 36.3 లక్షల వోన్లు. ఈ సగటును పెద్ద కంపెనీలు పైకి లాగాయి. అక్కడ పనిచేసేవాళ్ల సగటు 59.3 లక్షలైతే, చిన్న, మధ్యతరహా కంపెనీల్లో 29.8 లక్షలే. అందరినీ వరసలో నిలబెడితే నట్టనడుమ ఉన్న మనిషికి వచ్చేది 27.8 లక్షలు. విదేశీ టీచర్‌కి 24 లక్షల జీతం, దానిమీద ఉచితంగా ఒక గది, గది వద్దంటే ప్రభుత్వ స్కూళ్లలో అయితే నాలుగు లక్షల దాకా అద్దె భత్యం. కలిపితే ఆ నట్టనడుమ మనిషి పక్కనే నిలబడతాడు. కాబట్టి "తెల్లోళ్లకి దోచిపెడుతున్నారు" అన్న మాటా కాదు, "టీచర్లకి అన్యాయం చేస్తున్నారు" అన్న మాటా కాదు.

అయితే పే స్లిప్పు దగ్గర ఆగిపోతే అసలు కథ కనపడదు. కొరియాలో అద్దెకి ఉండే పద్ధతుల్లో జోన్సే అని ఒకటుంది. ఇంటి విలువలో సగానికి పైగా డబ్బు ఓనర్ చేతిలో పెట్టి రెండేళ్లు అద్దె లేకుండా ఉంటారు, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. మన చిత్తూరు వైపు భోగ్యానికి ఇల్లు తీసుకోవడం తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తేడా అంతా మొత్తంలోనే ఉంది. సియోల్‌లో మామూలు అపార్ట్‌మెంట్‌కే 50 కోట్ల వోన్లు అడగొచ్చు, అంటే మన మూడు కోట్ల రూపాయలు. అంత డబ్బు పెళ్లయిన కొత్త జంట దగ్గర ఎక్కడిది? బ్యాంకు ఇస్తుంది. 30 కోట్ల వోన్లు నాలుగు శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి, నెలకు వడ్డీయే పది లక్షలు, అసలు అలాగే ఉంటుంది. 36 లక్షల జీతగాడి చేతిలో పన్నులు, పెన్షన్, ఆరోగ్య బీమా పోను ఏం మిగులుతుందో చూడండి. ఇల్లిచ్చిన విదేశీ టీచర్ కంటే తక్కువే.

2021 ఆగస్టు దాకా కొరియా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు అర శాతం. 2023 జనవరికి అది 3.5 శాతం. అక్కడి లోన్లలో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువి కాబట్టి ఆ దెబ్బ నేరుగా ఇళ్లల్లోనే పడింది. పైగా అదే సమయంలో జోన్సే మోసాలు బయటపడ్డాయి. వందల ఇళ్లు తన పేర పెట్టుకున్న ఓనర్ చేతులెత్తేస్తే, అద్దెకున్న కుర్రాళ్లకి డిపాజిట్ పోయింది, డిపాజిట్ కోసం చేసిన అప్పు మాత్రం మిగిలింది. ప్రభుత్వం 2023లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. ఇక్కడ ప్రీలాంచ్ అని, ఇల్లు లేవకముందే బిల్డర్‌కి డబ్బు కట్టి తిరుగుతున్నవాళ్లని రోజూ చూస్తుంటాను కాబట్టి నాకది వింతగా అనిపించలేదు.

కొరియా కుటుంబాల అప్పు దేశ జీడీపీలో 90 శాతం దగ్గర్లో ఉంది. మనది 40 చిల్లర. ఓనర్లు తిరిగివ్వాల్సిన జోన్సే డిపాజిట్లు ఈ 90లో కలవవు. అవీ కలిపితే ఎక్కడికో పోతుంది.

ఇంతకీ విదేశీ టీచర్ జీతం ఎవరి జేబులోంచి వస్తుంది? హాగ్వాన్‌లో అంటే ప్రైవేట్ ట్యూషన్ సెంటర్లో చెప్పేవాడైతే, నేరుగా ఈ అప్పుల్లో ఉన్న తల్లిదండ్రుల జేబులోంచే. 2024లో స్కూలు పిల్లల ప్రైవేటు చదువులకి కొరియావాళ్లు పెట్టింది 29 లక్షల కోట్ల వోన్లకు పైనే, ఆ ఏడాది పిల్లల్లో పదికి ఎనిమిది మంది ఏదో ఒక ట్యూషన్‌కి పోయారు. ఇంటి వడ్డీ కట్టి, మిగిలింది పిల్లాడి ఇంగ్లీష్‌కి కట్టి, ఆ ఇంగ్లీష్ చెప్పేవాడు దాచుకున్నంత కూడా దాచుకోలేని తండ్రి ఉంటాడు అక్కడ. టర్మ్ ఫీజుకి కూడా ఈఎంఐ పెట్టించుకునే మన మియాపూర్, నల్లగండ్ల నాన్నలకి ఈ బాధ నేను చెప్పాలా?

అలాగని టీచర్‌ది రాజభోగమేం కాదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి చదువు లోను ఉంటుంది, అది డాలర్లలో. 2021 మొదట్లో డాలర్‌కి 1,100 వోన్లు, 2024 చివరికి 1,470. జీతం అదే, ఇంటికి పంపేది తగ్గింది. ఇంకోటి, ఎదుగుదల. కనీస వేతనం 2015లో గంటకి 5,580 వోన్లు, 2025లో 10,030. వారపు సెలవు జీతంతో కలిపి నెలకు దాదాపు 21 లక్షలకు చేరింది. విదేశీ టీచర్ల ప్రకటనలు మాత్రం ఏళ్ల తరబడి పాతిక లక్షల చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. కొరియన్ టీచర్ కూడా 2024లో సుమారు 23 లక్షల మూలవేతనంతోనే మొదలయ్యాడు, కానీ అతనికి 40 మెట్ల స్కేలు ఉంది, ఏటా ఒక మెట్టు. పదిహేనేళ్లకి విదేశీయుడు ఎక్కడో కింద ఉండిపోతాడు. అందుకే ఇది మూడు నాలుగేళ్ల పని, అప్పు తీర్చుకుని వచ్చేసే పని అని నా లెక్క.

మా చెల్లెలికి చెప్పింది కూడా అదే. అక్కడ టీచర్ వీసా మామూలుగా ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాలవాళ్లకే ఇస్తారు. మన దేశానికీ కొరియాకీ మధ్య 2010లో అమల్లోకి వచ్చిన సెపా అనే వాణిజ్య ఒప్పందం వల్ల మనవాళ్లకీ ఒక దారి ఉంది, కాకపోతే డిగ్రీతో పాటు టీచర్ అర్హత పత్రం కావాలి, అదీ స్కూళ్లలో అసిస్టెంట్ టీచర్‌గానే. మా చెల్లెలికి బీఈడీ ఉంది కాబట్టి ప్రయత్నించొచ్చు. కాంట్రాక్ట్ చేతికొస్తే మాత్రం జీతం అంకె కంటే ముందు గడువు చూడమన్నాను. ఏడాది పూర్తయితేనే చట్టప్రకారం ఒక నెల జీతం విడిగా వస్తుంది, పదకొండు నెలలకే రాయిస్తే అది పోయినట్టే.