ఒకటా, ఏడా?

నవంబరు, శుక్రవారం

పొద్దున్నుంచి ముసురు. మామూలు రోజుల్లో మా వీధి చివర నిలబడితే ఏడుకొండలు గోడ కట్టినట్టు ఎదురుగా ఉంటాయి. ఇవాళ మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. వాన రోజు జెరాక్స్ షాపు నడపడం ఒక శిక్ష. కాగితం నిమ్ము పట్టి రెండేసి మూడేసి కలిసి లాగేస్తుంది. యూనివర్సిటీ పిల్లలు రికార్డులు పట్టుకుని నిలబడి ఉంటే, నేను మిషన్ పొట్టలో చెయ్యి పెట్టి ముక్కలు పీకుతూ కూర్చున్నాను.

పదకొండున్నరకి పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. రెయిన్‌కోటు లోపల, చొక్కాకి ఆనించి దాచిన ప్లాస్టిక్ కవరు తీశాడు.

"అక్కా, ఫారిన్ కార్డు. కొంచెం తడిసింది. నా దగ్గరికి వచ్చేటప్పటికే అట్లా ఉండింది."

నాలుగేళ్లుగా నాకు కార్డులు తెచ్చి ఇస్తున్న మనిషి. ఇచ్చే ముందు రెండు వైపులా తిప్పి చూసి, ఏ దేశమో తెలుసుకుంటేగానీ కదలడు. ఇవాళ మాత్రం చూడకుండా ఇచ్చాడు, తప్పు తనదేమో అన్నట్టు. "స్విట్జర్లాండన్నా" అని నేనే చెప్పాను. స్టాంపు మీద ఆ దేశం లాటిన్ పేరు, హెల్వీషియా అని ఉంది.

కొంచెం కాదు, బాగానే తడిసింది. బొమ్మ వైపు బాగుంది: మలుపులు తిరిగిన కొండ రోడ్డు మీద పసుపు రంగు బస్సు. వెనక్కి తిప్పితే, కుడి వైపు మా అడ్రసు బాల్‌పెన్‌తో రాశారు కాబట్టి అక్షరం చెరగలేదు. ఎడమ వైపు ఉత్తరం ఇంకు పెన్నుతో. అదంతా నీలం మడుగు. అందులో ఈదుతున్నట్టు నాలుగు మాటలు: మా నాన్న, ఈ బస్సు, 31 ఏళ్లు. మధ్యలో ఉన్న క్రియ కొట్టుకుపోయింది. పై మూల రాసిన కార్డు నంబరు కూడా ఇంకుతోనే. సి.హెచ్. అని ఉంది, అంకెలున్నాయి, చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి ఒకటో ఏడో తెలియకుండా మసక.

అదే టెన్షన్. ఉత్తరం పోయినా పర్వాలేదు, నంబరు పోకూడదు. ఈ పోస్ట్‌క్రాసింగ్ అనే వెబ్‌సైటుని 2005లో పోర్చుగల్‌కు చెందిన పాలో మగల్యాయ్ష్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. మనం అడిగితే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అడ్రసు, ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు కార్డు మీద రాసి పంపాలి. అందుకున్నవాళ్లు ఆ నంబరు ఎక్కించగానే మన అడ్రసు ఇంకెవరికో వెళుతుంది. మనం జర్మనీకి పంపితే మనకు తైవాన్ నుంచి రావచ్చు. బదులు ఎప్పుడూ వేరే దిక్కు నుంచే. మొదట్లో ఒకేసారి అయిదు కార్డులే దారిలో ఉండనిస్తారు. అవి చేరినకొద్దీ లెక్క పెరుగుతుంది. అంటే నేను నంబరు ఎక్కించకపోతే ఆ స్విట్జర్లాండు మనిషి పంపిన కార్డు పోయినట్టే, ఆమెకు రావలసిన కార్డు కూడా ఆగినట్టే. ఆమె అన్నాను. చేతిరాత చూసి అనుకున్నదే, ఖాయం కాదు.

మిషన్‌లోంచి రెండు తెల్ల కాగితాలు ఊరికే నడిపించి, అవి వేడిగా ఉండగానే మధ్యలో కార్డు పెట్టి, పైన ఏ ఫోర్ రీము బరువు పెట్టాను. క్యూలో ఉన్న అబ్బాయి "ఏంటాంటీ, అప్పడమా?" అన్నాడు. వాడి రికార్డు అన్నిటికన్నా ఆఖర్న చేశాను.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి అన్నం తినేటప్పుడు నాయనకి చూపించాను. నాయన ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైళ్లలో టపా వేరుచేసే శాఖలో, సార్టర్‌గా చేసి రిటైరయ్యాడు. 1970లో చేరాడు. రేణిగుంట, గుంతకల్లు మధ్య రాత్రి బండ్లలో నిలబడి గూళ్లలోకి ఉత్తరాలు విసిరిన చెయ్యి అది. ఇప్పటికీ పేకముక్కలు పంచితే అందరి ముందు సరిగ్గా చదరంగా పడతాయి. స్టాంపుల పిచ్చి నాకు ఆయన నుంచే వచ్చిందని అందరూ అనుకుంటారు. కానీ ఆయన స్టాంపు వైపు చూడడు. "స్టాంపు డబ్బులిస్తే వస్తుంది. ముద్ర చూడు, ముద్ర" అంటాడు. ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని రోజులు పట్టింది. ఆయన లెక్కలో కార్డు అంటే అదే. చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. రంగురంగుల చేపల బొమ్మ చూపిస్తే, దాని మీద నల్లటి గుండ్రం చదివి "పదకొండు రోజులు, పర్లేదు" అనేవాడు. ఇప్పుడు నేనూ అంతే అయిపోయాను. ముద్ర పడని స్టాంపు వస్తే ఏదో వెలితి. బాల్‌పెన్‌తో అడ్డంగా గీత కొట్టి పంపిన స్టాంపు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నాయన భూతద్దం తెచ్చుకుని బస్సు వైపే చాలాసేపు చూశాడు. పోస్టల్ బస్సు అని చెప్పాను. స్విట్జర్లాండులో పోస్టల్ వాళ్లే బస్సులు నడుపుతారు. ముందు గుర్రబ్బండ్లు, 1906 నుంచి మోటారు బస్సులు. కొండల్లో ఊళ్లకి టపాతో పాటు మనుషుల్నీ తీసుకుపోయేవి.

"మనుషుల్ని పోస్టు చేసేదా!" అన్నాడు నాయన. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

ఆ కార్డు ఎందుకు పంపారో నాకు అర్థమైంది. ఆ సైటులో నా గురించి రాసుకున్న నాలుగు మాటల్లో, కొండ కింద ఉంటాను, ఘాట్ రోడ్డు మీద బస్సులు తిరుగుతుంటాయి అని ఉంది. అది చదివి వెతికి పంపారు. మనకి రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసింది ఇప్పుడు దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. మలుపు మలుపుకీ గోవిందా అని అరిచే బస్సుల ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

నిజానికి తిరుపతిలో వ్యూ కార్డు, అంటే ఊరి బొమ్మ ఉన్న పోస్ట్‌కార్డు, దొరకదు. ఇన్ని వేల మంది రోజూ వచ్చిపోయే ఊరు! గోవిందరాజస్వామి గుడి ముందు అంగళ్లలో స్వామి ఫోటో ఏ సైజులో కావాలంటే ఆ సైజులో ఉంటుంది. లాకెట్టు, కీ చైను, కారులో పెట్టుకునే బొమ్మ, తల ఊపే బొమ్మ. పోస్ట్‌కార్డు అడిగితే "యాభై పైసలదా? పోస్టాఫీసులో ఉంటాది పో" అంటారు. అందుకని నేనే మూడొందల జీఎస్‌ఎం మందపాటి అట్ట మీద ప్రింటు తీసుకుంటాను. చంద్రగిరి కోట రాజమహల్ ఒకటి, పూలమార్కెట్ ఒకటి, కలంకారీ గుడ్డ ఒకటి. అందరికీ నచ్చేది మాత్రం గుండ్ల కార్డు. రైల్వే స్టేషన్ మెట్ల మీద ఒక కుటుంబం, తాత నుంచి చంటిపిల్ల దాకా ఎనిమిది గుండ్లు, గంధం పూసుకుని, వెనక్కి తిరిగి కూర్చుని. నెదర్లాండ్స్ నుంచి ఒకాయన, ఇది ఏదైనా క్రీడా జట్టా అని అడిగాడు. ఏం చెప్పాలి? మా ఊళ్లో గుండు వింత కాదు, జుట్టే వింత.

మూడు గంటలకి వాన తెరిపిచ్చింది. రెండు కార్డులు పోస్టు చేయాలి, తైవాన్‌కొకటి, జర్మనీకొకటి. కౌంటర్లో ఇస్తే స్టాంపు బదులు లేబుల్ అంటిస్తారు, పని తొందరగా అవుతుంది, దాంట్లో తప్పేమీ లేదు. కానీ అవతల విప్పి చూసేవాళ్లకి లేబుల్ ఏం సుఖం? స్టాంపులు కావాలని అడిగాను. కౌంటర్లో ఉన్న మేడమ్‌కి నా సంగతి తెలుసు, డ్రాయరు అడుగు నుంచి తీసింది. అన్నిటిలో పెద్దవి ఏరుకున్నాను. పెద్ద స్టాంపులు అతికిస్తే రాసే చోటు పోతుంది. ప్రతిసారీ ఇదే పొరపాటు. ప్రతిసారీ ఉత్తరం చీమల బారులాగా తయారవుతుంది. ముద్ర కాస్త నిండుగా వేయమని అడిగాను. ఆమె ప్యాడ్ మీద రెండుసార్లు ఒత్తి, కార్డు కింద పాత రబ్బరు చాప పెట్టి వేసింది. తిరుపతి, తేదీ, అంచు చుట్టూ గుండ్రం తెగకుండా. నాయనకి చూపించాలని ఫోటో తీసుకున్నాను.

అక్కడ గోడకి గంధం స్టాంపు బొమ్మ ఉండేది ఒకప్పుడు. 2006 డిసెంబరులో మన దేశం మొదటిసారి వాసన వచ్చే స్టాంపు వేసింది, పదిహేను రూపాయలు. తర్వాత గులాబీ, మల్లె, కాఫీ కూడా వచ్చాయి. గంధం స్టాంపు నేను కొని రేకు పెట్టెలో భద్రంగా దాచాను. ఇప్పుడు తీసి వాసన చూస్తే రేకు పెట్టె వాసనే.

సాయంత్రం అబ్బోడు ట్యూషన్ నుంచి వచ్చి వెంటనే వాడి పళ్లెం దించాడు. వాడికి కార్డులతో పని లేదు, కవర్ల మీది స్టాంపులు ఊడదీయడమే పని. చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లలో వేస్తే పది నిమిషాల్లో స్టాంపు దానంతటదే జారుతుంది. బోర్లా తిప్పి పేపర్ మీద ఆరబెట్టి, తర్వాత లావు పుస్తకంలో పెడతాడు. ఆ లావు పుస్తకం నా టాలీ పుస్తకం. దాన్ని ఇంకెవరూ తెరవరు. పోయిన నెల ఎర్ర కవరు ముక్కని మిగతావాటితో కలిపి వేశాడు. రంగు దిగి పదిహేను స్టాంపులు గులాబీ రంగుకి తిరిగాయి. ఆ రోజు వాడు అన్నం తినలేదు. స్టిక్కర్ లాగా వచ్చే కొత్త రకం స్టాంపులైతే చాలావరకు నీళ్లకి లొంగవు. అట్లాంటివి కవరు ముక్కతో సహా కత్తిరించి దాచుకోమని ఎన్నిసార్లు చెప్పినా గోటితో గీకుతాడు.

స్విట్జర్లాండు కార్డు వాడికి ఇవ్వను. కార్డు మీది స్టాంపు కార్డు మీదే ఉండాలి.

"సి.హెచ్. అంటే చైనా కదా?" అన్నాడు నాయన.

"కాదు తాతా, చైనాకి సి.ఎన్. ఇది కన్ఫెడరేషియో హెల్వెటికా. లాటిన్." వాడికి ఇలాంటివి బాగా తెలుసు. అక్కడ జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాన్ష్ నాలుగు భాషలు. ఒక భాషలో పేరు వేస్తే మిగతా మూడింటికి కోపం, అందుకని ఎవరిదీ కాని లాటిన్‌లో వేశారని తాతకి వివరించాడు. బ్రిటన్ స్టాంపుల మీదైతే అసలు దేశం పేరే ఉండదని, 1840లో మొదట స్టాంపు వేసింది వాళ్లే కాబట్టి అప్పుడు పేరు అవసరం రాలేదని కూడా చెప్పాడు. నాయనకి ఇవన్నీ తెలుసు. తెలియనట్టు వింటాడు.

"నంబరు సంగతి చూడండి ముందు" అన్నాను.

వెలుతురుకి ఎత్తి చూశాం. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూశాం. యూరప్ వాళ్లు ఒకటి రాస్తే ముందు పొడుగ్గా ఒక గీత పైకి లాగి కిందికి దించుతారు, మనకి ఏడు లాగా ఉంటుంది. ఏడు రాస్తే నడుముకి అడ్డగీత కడతారు. ఆ అడ్డగీత ఉందా, లేక అది ఇంకు పాకిన మరకా? అబ్బోడు ఏడన్నాడు. నేను ఒకటన్నాను. నంబరు తప్పు ఎక్కిస్తే ఎవరిదో ఇంకొకరి కార్డు అవుతుందేమోనని భయం.

నాయన కార్డు లాక్కుని ఎడమ వైపు అరచేత్తో మూసేశాడు. కుడి వైపు మా అడ్రసు చదివాడు.

"ఇక్కడుంది కదా, అదే చెయ్యి. 517501. రెండు ఒకట్లు, ఒక ఏడు."

నేను నోరు తెరుచుకుని చూశాను. పొద్దున్నుంచి నా కళ్ల ముందే ఉంది. ఆమె ఏడు పైన గీత బల్లపరుపుగా, స్కేలు పెట్టినట్టు ఉంది. ఒకటి పైన గీత ఇంటి కప్పు లాగా వాలి ఉంది. మరక కింద అంకెకి పైభాగం వాలుగానే ఉంది. ఒకటే.

ఇక నాయన్ని ఆపలేకపోయాం. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చేదాకా ఎంత కష్టమో మొదలుపెట్టాడు. కొత్తపల్లె, చిత్తూరు జిల్లా అని మాత్రం రాసి పడేస్తే ఏ కొత్తపల్లె అని చూసుకోవాలి? రాసినవాడి చెయ్యి చూసి, ముద్ర చూసి, కులం పేరు చూసి, ఇది ఫలానా వైపు అని ఊహించి గూట్లో వేసేవాడట. పిన్ తెచ్చినాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మొదటి అంకె అయిదు అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. 517 అంటే చిత్తూరు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ పిన్ మాత్రం ఇంకా చిత్తూరుదే. "అంకెల్ని ఎవురూ విడగొట్టలేరు" అన్నాడు నాయన, కాస్త గర్వంగా.

నంబరు ఎక్కించాను. తీసుకుంది. బొమ్మ కూడా కనపడింది, పంపేటప్పుడు వాళ్లు తీసి పెట్టుకున్న ఫోటో, అదే పసుపు బస్సు.

ఇంక జవాబు రాయాలి. కార్డు తడిసిందని, ఉత్తరం చదవలేకపోయానని చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాను. వాళ్ల నాన్న 31 ఏళ్లు ఆ బస్సుని ఏం చేశారు? నడిపారా, ఎక్కారా? అబ్బోడు ఎక్కారన్నాడు, రోజూ ఆఫీసుకి. నాయన ఒప్పుకోలేదు. నడిపే ఉంటాడు, పోస్టల్ మనిషే, చూస్తే తెలీదా అన్నాడు. ఏం చూస్తే అని అడగలేదు.

నేను రాయడం పూర్తి చేసి పంపబోతుంటే, "ఆగమ్మా, ఒకటి అడుగు" అన్నాడు నాయన. భూతద్దం ఇంకా బస్సు కిటికీల మీదే ఉంది.

"ఈ బస్సులో టపా సంచి ఎక్కడ పెట్టేవాళ్లో అడుగు. వెనకాలా, డ్రైవర్ కాళ్ల దగ్గరా?"

అదీ రాశాను.